కారణం తీసేసిన ఊరు

ఆ ఆదివారం పొద్దున్న తుఫాను షెల్టరు వరండాలో ఉన్నవాళ్ళు వీళ్ళు: ఊరి పెద్దలు అయిదుగురు. మా బావ వేటకి వెళ్ళే బోటు పెద్ద, ఆయన కొడుకు. అదే బోటు మీద వెళ్ళే మరో నలుగురు. మా బావ, మా అక్క, బావ తల్లి. ఆశా కార్యకర్త. నేను. వస్తువుల్లో ప్లాస్టిక్ కుర్చీలు తొమ్మిది. అందులో ఒకదానికి చెయ్యి విరిగిపోయింది, దాంట్లో ఎవరూ కూర్చోలేదు. నీళ్ళ డ్రమ్ము ఒకటి. సగం బాగుచేసి వదిలేసిన వల ఒకటి. పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు, కర్పూరం.

అంతకు కొన్నాళ్ళ ముందు మా బావ ప్రాణం తీసుకోబోయాడు. ఎలా అన్నది ఇక్కడ రాయను. అది తెలిసి ఎవరికీ ఉపయోగం లేదు. అక్క వేళకి చూసింది, ఆటో వేళకి దొరికింది, బావ బతికాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఊరికి ఒక పని మిగిలింది. అలా ఎందుకు చేశాడో తేల్చాలి. అందుకే ఆ సమావేశం.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నేను మెకానికల్ డిప్లొమా చదివి, రణస్థలం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. టౌనులో గది తీసుకుని ఉంటాను, సెలవు దొరికిన ఆదివారాలు ఊరికి వస్తాను. మా ఫ్యాక్టరీలో ఏదైనా యంత్రం ఆగితే రిపోర్టు రాయాలి. అందులో ‘మూలకారణం’ అని ఒక గడి ఉంటుంది. ఒక వాక్యం పట్టేంత చోటే ఉంటుంది. ఆ వాక్యం రాసి, ఆ లోపాన్ని సరిచేసి, సంతకం పెడితే గానీ యంత్రాన్ని మళ్ళీ నడపనివ్వరు. అందుకని పెద్దల సమావేశం నాకు వింతగా అనిపించలేదు. వాళ్ళూ ఆ గడే నింపుతున్నారు.

అప్పటికే ఆ గడిలోకి చాలా వాక్యాలు వచ్చి ఉన్నాయి. మొదటిది ఆసుపత్రిలో పడింది. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, వెనక ఇంకా ముగ్గురు రోగులున్నారు. అక్కని అడిగాడు.

“ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయామ్మా?”

“గొడవల్నేని ఇల్లుంటాదేటి బాబూ?” అంది అక్క.

ఆయన ‘కుటుంబ కలహాలు’ అని రాశాడు. తర్వాత వచ్చిన కానిస్టేబులు ఆ ముక్కనే చూసి రాసుకున్నాడు. అక్క ఆ రోజు నుంచీ ఆ రెండు మాటల్నీ తన మీద వేసిన నేరంలాగే మోస్తోంది. వార్డులో నర్సు సెలైను మారుస్తూ, “ఇంత మనిషివి, గుండె ధైర్యం నేదేటి నీకు?” అని బావని మందలించింది. ఆవిడ లెక్కలో కారణం ధైర్యం లేకపోవడం. బావ తల్లి లెక్కలో గాలి సోకడం. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా సరుగుడు తోటలోంచి వచ్చాడని ఆమెకి ఎవరో చెప్పారు. నా లెక్క నాకుంది. ఏడాది కిందట వల లాగుతుంటే బావ కుడి భుజం పట్టేసింది. నొప్పి వల్ల నిద్ర పోయింది, నిద్ర పోవడం వల్ల బుర్ర పాడయింది. మూలకారణం భుజం. నేను ఎముకల డాక్టరు దగ్గర టోకెను కూడా తీసుకున్నాను.

వరండాలో ముందు ఆశా కార్యకర్త నిలబడింది. ఆమెకి ఇలాంటి విషయాల మీద మండలంలో ఒకపూట శిక్షణ ఇచ్చారట.

“తాగుడండీ. తాగుడు మానిపించాల. మాకదే సెప్పినారు,” అంది.

బోటు పెద్ద తల ఎత్తాడు. బావకి ఆయన మేనమామ. నాకు వరసకి పెదనాన్న. “తాగుడే కారణమైతే ఈ వరండాలో ఇంకెవుడు మిగుల్తాడే?” అన్నాడు.

అందరూ నవ్వారు. బావ కూడా కొంచెం నవ్వాడు. ఆశా కార్యకర్త కూర్చుంది.

పెద్దల దృష్టిలో కారణం ముందే తేలిపోయి ఉంది. ఆ నెలలో వరసగా వేట సరిగా లేదు. ఒకరోజు వల ఉత్తిగా పైకొచ్చినప్పుడు, ఇంజను చూసే బోటు పెద్ద కొడుకు అందరి ముందూ బావతో ఒక మాట అన్నాడు: “నీ సెయ్యి తగిలితే సంద్రంలో సేప కూడా సచ్చిపోతాది.” వేటకి వెళ్ళేవాడికి అంతకన్నా చెడ్డ మాట లేదు. బావ ఆ పని చేసుకోబోయింది ఆ తర్వాతే. ముందు మాట, తర్వాత పని. పెద్దలకి అది చాలు. నిజం చెప్పాలంటే మా ఫ్యాక్టరీలో కూడా అది చాలు.

తీర్పు త్వరగానే అయింది. బోటు పెద్ద కొడుకు లేచి బావ చేతులు పట్టుకుని, “తప్పయిపోయింది బావా. నోరు జారినాను,” అన్నాడు. అది నటన కాదు. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టించారు. పెద్దల్లో పెద్దాయన లేచి చివరి మాట చెప్పాడు.

“కారణం తీసేసినాం. ఇంక ఈ ఇసయం ఊర్లో ఎవులూ ఎత్తకూడదు. ఆడి ముందూ ఎత్తకూడదు, ఎనకా ఎత్తకూడదు. ఎత్తినోడు జరిమానా కట్టాల.”

ఇది మా ఊరి పద్ధతి. పెళ్ళాం మొగుడు విడిపోయి మళ్ళీ కలిసినా, అన్నదమ్ములు కొట్టుకుని రాజీపడినా ఇలాగే మాట మీద జరిమానా పెడతారు. పాత మాట మళ్ళీ మళ్ళీ తవ్వితే మనిషి తలెత్తుకోలేడని. బావ సిగ్గుపడకుండా ఊళ్ళో తిరగాలని వాళ్ళు కోరుకున్నారు. అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు నేను కూడా, బాగా తేల్చారు అనుకుంటూ బస్సెక్కాను.

మా ఊళ్ళో బోటు సిబ్బందిని లేపే పని బోటు పెద్దది. ఫోన్లు వచ్చినా ఈ అలవాటు పోలేదు. తెల్లవారుజామున ఆయన వీధి వెంట నడుచుకుంటూ వచ్చి, ఒక్కో గుమ్మం ముందు ఆగి వరస పెట్టి పిలుస్తాడు. పిలుపు వచ్చినవాడు లేచి చద్దన్నం డబ్బా పట్టుకుని వెళ్తాడు. పిలుపు రాకపోతే ఆ రోజు వాడు బోటెక్కడు. అది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

బావ గుమ్మం ముందు పెదనాన్న ఆగడం లేదు. అడిగితే, “ఒళ్ళు బాగవ్వనీ,” అనేవాడు. అంతకుమించి అడగడానికి లేదు, జరిమానా ఉంది. బావ అరుగు మీద కూర్చుని ఉండేవాడు. దారిన పోయేవాళ్ళు ఎండ గురించీ, కవళ్ళ చేపల ధర గురించీ మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. ఎంతో మర్యాదగా ఉండేవాళ్ళు. అంతకు ముందు బావని ‘ఒరే’ అనకుండా పిలిచినవాడు లేడు.

అక్క ఒక పని మాత్రం ఊరికి చెప్పకుండా చేసింది. మనసు డాక్టరుకి చూపించమని ఆసుపత్రిలో ఒక చీటీ ఇచ్చారు. ఆ డాక్టరమ్మ అరసవల్లి వెళ్ళే రోడ్డులో కూర్చుంటుంది, ఆదివారం కూడా చూస్తుంది. ఆదివారం అరసవల్లి వెళ్తున్నామంటే మా వైపు ఎవరూ ఎందుకని అడగరు. ఒంట్లో బాగోలేనివాళ్ళు సూర్యనారాయణమూర్తి దగ్గరికి వెళ్ళడం మామూలే. అక్క బావని తీసుకెళ్ళి, ముందు దర్శనం చేయించి, తర్వాత డాక్టరుకి చూపించి, ప్రసాదం సంచిలోనే మాత్రలు పెట్టుకుని వచ్చింది. మాత్రలు వేసుకున్న బావ పగలంతా జోగాడు. అత్తగారు చూసి, “నా కొడుకుని మొద్దుని సేస్తన్నారు,” అని ఏడ్చింది. నాలుగు రోజులకి మాత్రలు ఆగిపోయాయి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మరో సెలవు రోజు సాయంత్రం నేనూ బావా ఒడ్డున, పైకి లాగిపెట్టిన ఒక బోటు నీడలో కూర్చున్నాం. నేను భుజం సంగతి అడిగాను. తగ్గిందన్నాడు. ఎముకల డాక్టరు ఇచ్చిన మందు పనిచేసింది. నా గడిలో వాక్యం కూడా సరిచేసినట్టే లెక్క.

“నిద్ర పడుతోందా?”

“నేదు.”

ఇసుకలో గవ్వ ఒకటి తీసి తుడిచాడు.

“ఒరే, నీకొకటి సెప్తాను. జరిమానా ఏస్తావేటి?”

“ఏస్తే నువ్వే కడతావు. చెప్పు.”

“ఆడు తప్పయిపోనాదన్నాడు. నా సెయ్యి పట్టుకున్నాడు. ఆడి మీద నాకేటీ నేదురా. కారణం తీసేసినాం అన్నారు. తీసేసినారు, నిజమే. అయినా నాకలాగే ఉన్నాది. పొద్దున్న మావ అడుగులు గుమ్మం దాటి ఎల్లిపోతుంటే అలాగే ఉన్నాది. మరి కారణం పోయినా నాకు తగ్గనేదంటే, తప్పు నాలోనే ఉన్నాది కావాల.”

నేను అప్పటిదాకా ఈ కోణంలో చూడలేదు. ఒక్కటే కారణం అని అందరూ ఒప్పుకుని, దాన్ని అందరి ఎదుటా తీసేశాక, ఇంకా బాగుపడనివాడికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. బాధ ఉంది, దానికి పేరు లేదు. ఊరంతా కలిసి ఆ పేరు కొట్టేసింది.

మళ్ళీ ఆ ఆలోచన వస్తోందా అని అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగితే గుర్తుచేసినట్టవుతుందని భయం. ఊరికున్న భయమే నాకూ ఉంది. దానికి బదులు, “రేపొద్దున్న అరసవల్లి వెళ్దాం. నేనూ వస్తాను,” అన్నాను. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఇంకో రోజు సెలవు పెట్టాను. అది సోమవారం. సోమవారం అరసవల్లి ఏమిటని అత్తగారు అడిగింది. అక్క సంచి తీసుకుని బయల్దేరింది.

డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. విజయనగరం మనిషి. బావ ఎదురు కుర్చీలో, అక్క పక్కన, నేను గోడ దగ్గర స్టూలు మీద. మాత్రలు ఎందుకు ఆపారని ఆవిడ కోప్పడలేదు. బావ వైపే చూస్తూ మామూలు గొంతుతో అడిగింది.

“ఇప్పుడు కూడా చచ్చిపోవాలని అనిపిస్తోందా?”

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి నిలబడబోయాను. బావ మాత్రం, తన బరువు ఎవరో ఒక చెయ్యి వేసి పట్టుకున్నట్టు భుజాలు దించాడు.

“అనిపిస్తాదమ్మా. రోజూ కాదు. తెల్లారగట్ల అనిపిస్తాది.”

ఆవిడ ఇంకా అడిగింది. ఎంతసేపు ఉంటుంది, అప్పుడు ఏం చేస్తారు, ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చే వస్తువులు ఏమున్నాయి, వాటిని అక్క ఎక్కడ దాచగలదు. మా ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు అడిగినట్టే అడిగింది. చివరికి నేను ఉండబట్టలేక, ఇలా అడగడం ప్రమాదం కాదా అన్నాను.

“అడిగితే ఆలోచన పుట్టదు బాబూ. ఉన్నదైతే బయటికొస్తుంది. లేకపోతే లేదంటారు.”

అప్పుడు నేను నా లెక్క చెప్పాను. భుజం, నొప్పి, నిద్ర, తర్వాత వేట లేకపోవడం, తర్వాత ఆ మాట. ఆవిడ మొత్తం విన్నది.

“అన్నీ నిజమే కావచ్చు. కానీ నువ్వు చెప్పినట్టు వరసలో ఉండవు. నిద్ర లేనివాడికి మాట ఎక్కువ తగులుతుంది. మాట తగిలినవాడికి నిద్ర పట్టదు. పైగా ఈయనకి డిప్రెషన్ ఉంది, అది ఎప్పుడు మొదలైందో ఈయనకే తెలీదు. మా డాక్టర్లలోనూ కొందరు జబ్బు ఒక్కటే కారణం అంటారు. బయటివాళ్ళు గొడవ ఒక్కటే కారణం అంటారు. ఎవరికి వాళ్ళు తమ చేతిలో ఉన్నదే పట్టుకుంటారు. ఆ మాట ఆ రోజు బోటులో ఇంకొకణ్ణి అని ఉంటే?”

“తిరిగి తిట్టేవోడు,” అన్నాడు బావ. “నాను ముందైతే తిట్టేవోణ్ణే.” మళ్ళీ తనే, “వల్లో ఒక్క కన్ను తెగితే సేపలన్నీ పోవు కదమ్మా,” అన్నాడు.

“మరి అన్ని కళ్ళూ ఒక్కరోజే కుట్టేద్దామంటే ఎలా?” అందావిడ. తర్వాత, పోయినసారే అడగాల్సిన ప్రశ్న ఇది అంటూ అడిగింది. “వేటకి ఏ వేళకి లేస్తారు?”

బావ చెప్పాడు. ఆవిడ మాత్ర మార్చింది, వేసుకునే వేళ మార్చింది. కొన్ని రోజులు చూసి, మత్తు లేదని తేలాకే సముద్రం అంది. మనసు బాగోకపోతే ఎవరెవరికి చెప్తారో వేళ్ళ మీద లెక్కపెట్టమంది. బావ అక్కని చూపించాడు, నన్ను చూపించాడు.

“బోటు మీద?”

బావ వేళ్ళు ముడిచాడు. అక్క చెప్పింది. “అక్కడ సెప్పకూడదమ్మా. జరిమానా ఉన్నాది.”

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. “అయితే ముందు ఆ జరిమానాకి మందు చూడండి,” అంది.

తర్వాత వారాలు మామూలుగా గడిచాయి. ఈసారి మాత్రలు వేళకి అక్కే ఇచ్చింది. అత్తగారికి అన్నీ విడమరిచి చెప్పింది. ఆమె గాలి సంగతి వదల్లేదు గానీ మాత్రలకి అడ్డు రాలేదు. “రెండూ సూద్దాం. ఏది పన్జేస్తే అదే,” అంది. రెండోసారి డాక్టరమ్మ చూసి, ఇంక బోటెక్కవచ్చు, ఒంటరిగా మాత్రం వద్దు అంది.

ఆ సాయంత్రం నేను పెదనాన్న ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు కాళ్ళు చాపుకుని, కాలి బొటనవేలికి వల తగిలించి కుడుతున్నాడు. కొడుకు లోపల ఫోను చూస్తున్నాడు.

“పెదనాన్నా, బావని ఎందుకు పిలవట్లేదు?”

“జరిమానా కడతావేటి?”

“కడతాను. చెప్పు.”

ఆయన దారం పళ్ళతో తెంపాడు.

“ఆడి సెయ్యి మంచిది కాదని కాదురా. ఆడంత వల లాగేవోడు నాకింకోడు నేడు. నడి సంద్రంలో ఎనక్కి తిరిగి సూసేతలికి ఆడు నేకపోతే? ఆడి అమ్మ నా సెల్లి. ఏటని సెప్పాల దానికి? నాను ఏట సూసుకోవాలా, ఆణ్ణి సూసుకోవాలా?”

అది మూఢనమ్మకం కాదు, భయం. ఎవరికైనా ఉండాల్సిన భయమే. నేను డాక్టరమ్మ అన్నది చెప్పాను. బావనే అడగవచ్చు, అడిగితే చెప్తాడు అన్నాను.

“అడిగితే గుర్తుసేసినట్టు కాదేటి?”

“మర్చిపోయి ఉంటే కదా పెదనాన్నా.”

ఆయన సూదిలోకి దారం ఎక్కించడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి నా చేతికిచ్చాడు. ఎక్కించి ఇచ్చాను. ఆయన మళ్ళీ వల కుట్టసాగాడు.

మర్నాడు వేకువన నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. బావ అప్పటికే లేచి కూర్చున్నాడు. వీధి చివర నుంచి పిలుపులు వినిపించాయి. ఒక గుమ్మం, ఇంకో గుమ్మం. మా పక్కింటి దగ్గర, “ఒరే మొద్దూ, లెగు!” అన్నది వినబడింది. అడుగులు దగ్గరకొచ్చాయి. ఆగాయి.

“ఒరే అల్లుడూ!”

బావ తలుపు తీశాడు. పెదనాన్న, ఆయన వెనక కొడుకు, ఇంకా నలుగురు, చేతుల్లో డబ్బాలు. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు కూడా తలుపులు తీసి చూస్తున్నారు.

“నీకు ఇంకా సావాలనిపిస్తందేటి?” పెదనాన్నకి మెల్లగా మాట్లాడడం రాదు. వీధంతా విన్నది.

“ఈ మజ్జిన తక్కువ మావా. ఎప్పుడైనా వస్తాది.”

“బోటు మీద వస్తే?”

“నీకు సెప్తాను.”

“నాను నిద్దరోతే?”

“నేపుతాను.”

“నేపకపోతే తంతాను.”

“ఇంజను కాడ నాను మెలకువగానే ఉంటాను బావా,” అన్నాడు కొడుకు. “నన్ను నేపక్కర్నేదు. ఊరికే సెప్పు.”

ఎదురింటి అరుగు మీద నుంచి ఒక పెద్ద, ఆ రోజు షెల్టరులో ఉన్నాయన, దగ్గాడు. “మాట ఎత్తినావు. జరిమానా,” అన్నాడు.

“రాసుకో,” అన్నాడు పెదనాన్న. “సాయంత్రం మళ్ళీ అడుగుతాను. అదీ రాసుకో.”

అక్క చద్దన్నం డబ్బాతోపాటు ఇంకో చిన్న డబ్బా ఇచ్చింది. అందులో మాత్ర ఉంది. ఎప్పుడు వెయ్యాలో బావకి చెప్పకుండా పెదనాన్నకి చెప్పింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నేను ఒడ్డుదాకా వెళ్ళాను. బోటు తోయడానికి నన్ను కూడా చెయ్యి వెయ్యమన్నారు. బావ ఎందుకలా చేశాడన్న గడిలో నేను ఇప్పటికీ ఒక వాక్యం రాయలేను. రాయగలిగినవి చాలా ఉన్నాయి, అవి ఆ గడిలో పట్టవు. మధ్యాహ్నం దాటాక బోటు వచ్చేదాకా ఒడ్డునే ఉన్నాను.

వెళ్ళినవాళ్ళు ఏడుగురు. వచ్చినవాళ్ళు ఏడుగురు.